ఆవిరి లేని రైలింజన్

రైలింజన్‌ను చెక్కతో చేయబూనడంలోనే ఒక తిరకాసుంది. అసలు ఇంజన్ నిప్పు మీద బతుకుతుంది. చెక్క ఆ నిప్పుకు మేత. కాబట్టి చెక్క బాయిలర్లో నీరు మరగదు, సిలిండర్లోకి ఆవిరి దూరదు, పొగగొట్టం ఖాళీగానే ఉంటుంది. ఇవన్నీ తీసేశాక మిగిలేదేమిటి? ఒకదానికొకటి కట్టుబడి తిరిగే ఆరు పెద్ద చక్రాలు, వాటిని కలిపే కడ్డీలు, ముందుకూ వెనక్కూ ఆడే పిస్టన్లు, ఆవిరి ఏ క్షణాన ఎటు వెళ్లాలో నిర్ణయించే చిన్న లీవర్లు. అంటే ఆ యంత్రంలోని రేఖాగణితం మొత్తం మిగులుతుంది.

ఆవిరి ఇంజన్ తెలివంతా ఆ గణితంలోనే ఉంది. నిజమైన ఇంజన్‌లో అది నూనె జిడ్డు, పొగ, చప్పుడు, వేగం వెనక దాక్కుంటుంది. ఇంట్లో బల్ల మీద, చేతికందే కొలతలో, నింపాదిగా తిప్పి చూసుకోగల చెక్క నమూనాలో బయటపడుతుంది. ప్రతి భాగాన్నీ మన చేత్తో కోసి, చిల్లు పొడిచి, అమర్చుకుంటూ పోతే అది ఆ ఆకారంలోనే ఎందుకుందో తెలియక తప్పదు. తెలియకపోతే చక్రం తిరగదు.

ఏ ఇంజన్, ఎంత కొలత

నమూనాకు ముందు ఒక అసలు కావాలి. ఇక్కడ డబ్ల్యూపీ ఇంజన్‌ను తీసుకుందాం. 1960లు, 70లలో మెయిలు బండ్లు, ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కినవారికి దీని పేరు తెలియకపోయినా ముఖం తెలుసు: ముందుకు పొడుచుకొచ్చిన బుల్లెట్ ముక్కు, దాని మధ్యలో నక్షత్రం. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే తొలి విడత అమెరికాలోని బాల్డ్‌విన్ కంపెనీ నుంచి వచ్చింది. తరవాత కెనడా, పోలండ్, ఆస్ట్రియా కర్మాగారాలూ, చివరికి మన చిత్తరంజన్ కర్మాగారమూ వీటిని తయారుచేశాయి. 1967 వరకు తయారైనవి మొత్తం 755. హరియాణాలోని రేవాడీ షెడ్డులో ‘అక్బర్’ అనే పేరున్న 7161 నంబరు ఇంజన్ ఈ జాతిదే.

రైల్వేవాళ్లు దీన్ని 4-6-2 అంటారు. ముందు నాలుగు చిన్న చక్రాలు, నడుమ ఆరు పెద్ద చక్రాలు, వెనక రెండు. ముందరి నాలుగూ మలుపుల్లో ఇంజన్‌కు దారి చూపుతాయి. నడిమి ఆరూ బండిని లాగుతాయి. వెనక రెండూ నిప్పు మండే వెడల్పాటి పెట్టె, అంటే ఫైర్‌బాక్స్, బరువు మోస్తాయి. మూడు గుంపులకూ మూడు వేరువేరు పనులున్నాయి కాబట్టే మూడు కొలతల చక్రాలు.

ఇంటి బల్ల మీద పనికి ఇరవయ్యో వంతు కొలత వీలుగా ఉంటుంది. అసలు పెద్ద చక్రం అడ్డకొలత 1,702 మిల్లీమీటర్లు; నమూనాలో 85. పట్టాల మధ్య దూరం 1,676, నమూనాలో 84. పిస్టన్ ఒక కొస నుంచి మరో కొసకు నడిచే దూరం 711, నమూనాలో 35.5. బొగ్గు, నీరు మోసే టెండరుతో కలిపి దాదాపు 24 మీటర్ల ఇంజన్ 1.2 మీటర్లకు దిగివస్తుంది. మిగతా కొలతల కోసం పాత ఫోటోలు పనికొస్తాయి. చక్రం అసలు కొలత తెలుసు కాబట్టి, పక్క నుంచి తీసిన ఫోటోలో చక్రాన్ని కొలిచి, అదే నిష్పత్తితో బాయిలర్ ఎత్తు, క్యాబిన్ పొడవు లెక్కగట్టవచ్చు. ఫోటో మాత్రం దూరం నుంచి, సరిగ్గా ఎదురుగా నిలబడి తీసినదై ఉండాలి. దగ్గర నుంచి తీస్తే కెమెరాకు దగ్గరగా ఉన్న భాగాలు పెద్దవిగా, దూరంగా ఉన్నవి చిన్నవిగా పడి నిష్పత్తి తప్పుతుంది.

ఇక్కడే ఒక సూత్రం గుర్తుపెట్టుకోవాలి. పొడవు ఇరవయ్యో వంతైతే ఉపరితలం 400వ వంతవుతుంది, ఘనపరిమాణం 8,000వ వంతవుతుంది. బొగ్గు, నీటితో కలిపి సుమారు 170 టన్నులు తూగే ఇంజన్ అదే లోహాలతో ఇరవయ్యో వంతులో చేస్తే 21 కిలోలే. టేకు సాంద్రత ఉక్కులో పన్నెండో వంతు కనక చెక్క నమూనా ఇంకా తేలిక. నిజంగా ఆవిరితో నడిచే బుల్లి ఇంజన్లు ఎందుకంత త్వరగా చల్లారిపోతాయో కూడా ఈ సూత్రమే చెబుతుంది. వేడిని నిలవచేసే నీరు 8,000వ వంతుకు తగ్గితే, వేడిని పోగొట్టుకునే బాయిలర్ ఒళ్లు 400వ వంతుకే తగ్గింది. ఉన్న నీటితో పోలిస్తే వేడి జారిపోయే చోటు ఇరవై రెట్లు పెరిగినట్టే. చెక్క నమూనాకు ఆ బెడద లేదు. దాని బెడద వేరు.

చెక్క ఎటు కదులుతుంది

చెట్టు కొట్టేసి ఏళ్లు గడిచినా చెక్క గాలిలోని తేమను పీలుస్తూ వదులుతూనే ఉంటుంది. ఆ మేరకు ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. అయితే అన్ని వైపులా ఒకేలా కాదు. నార వెంబడి, అంటే చెట్టు నిలువునా, ఈ మార్పు లెక్కలోకి రానంత తక్కువ. నారకు అడ్డంగా బాగా ఎక్కువ. అందులోనూ సంవత్సర వలయాల వెంబడి వచ్చే మార్పు, కేంద్రం నుంచి బెరడు వైపు వచ్చే మార్పుకు దాదాపు రెట్టింపు ఉంటుంది.

రైలింజన్ చేసేవాడికి ఇది శాపమూ వరమూ కూడా. ముందు శాపం: టేకు పలకలోంచి 85 మిల్లీమీటర్ల చక్రాన్ని గుండ్రంగా కోశామనుకోండి. చెక్కలోని తేమ 12 శాతం నుంచి 8 శాతానికి తగ్గితే ఆ చక్రం అడ్డంగా సుమారు అర మిల్లీమీటరు తగ్గుతుంది, నిలువుగా అలాగే ఉంటుంది. గుండ్రం కాస్తా కోడిగుడ్డవుతుంది. వానాకాలంలో విశాఖలో చేసిన చక్రం ఎండాకాలంలో అనంతపురంలో గుండ్రంగా ఉంటుందన్న హామీ లేదు.

ఇక వరం: చట్రంలో ఇరుసుల చిల్లుల మధ్య దూరమూ, చక్రాలను కలిపే సైడ్ రాడ్‌లో చిల్లుల మధ్య దూరమూ ఎప్పటికీ సమానంగా ఉండాలి. రెండింటినీ నార వెంబడి పొడవుగా కోస్తే ఏ రుతువులోనూ ఆ దూరం మారదు. అందుకే పొడవైన భాగాలన్నీ నార వెంబడి గట్టి టేకులో కోయాలి. చక్రాల్లాంటి గుండ్రని భాగాలకు ప్లైవుడ్ మేలు. ప్లైవుడ్‌లో ఒక పొర నార నిలువుగా ఉంటే తరవాతి పొర నార అడ్డంగా ఉంటుంది. ఒక పొర కుంచించుకుపోబోతే పక్క పొర పట్టి ఆపుతుంది.

చెక్కకు ఇంకో గుణం: నార పొట్టిగా తెగినచోట అది పుటుక్కున విరుగుతుంది. ఆకులున్న చక్రాన్ని ఒకే పలకలో కోస్తే నార వెంబడి ఉన్న ఆకులు గట్టిగా, నారకు అడ్డంగా ఉన్న ఆకులు పెళుసుగా తయారవుతాయి. మన ఎడ్లబండి వడ్రంగులు ఈ చిక్కును ఎప్పుడో దాటారు. వాళ్లు ప్రతి ఆకునూ నార పొడవునా విడిగా చెక్కి నడిమి కుండలో దిగ్గొట్టేవారు. చుట్టూ వంపు ముక్కలు కూర్చి, ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా తొడిగి, చల్లార్చి బిగించేవారు. రైలింజన్ చక్రం మీది ఉక్కు టైరునూ వేడిచేసి ఉబ్బించే తొడుగుతారు. పద్ధతి ఒకటే.

చక్రం ఎందుకు ఏటవాలు

ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు అంటించి చక్రాలు కోయవచ్చు. తరిమెన, అంటే లేత్ మిషన్, ఉంటే సరే. లేకపోతే డ్రిల్ మిషన్‌కు ఇరుసు బిగించి, తిరుగుతున్న చక్రానికి ఆకురాయి ఆనించి గుండ్రం చేయవచ్చు. చక్రం లోపలి వైపు పట్టా దిగకుండా ఆపే ఎత్తైన అంచు ఉంటుంది. ఆ అంచే రైలును పట్టాల మీద నిలుపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువసేపు ఆ పని చేసేది పట్టా మీద దొర్లే భాగపు ఏటవాలు.

చక్రం పట్టాను తాకే భాగం లోపలి వైపు కాస్త లావుగా, బయటి వైపు కాస్త సన్నంగా ఉంటుంది. చాలాకాలంగా వాడుకలో ఉన్న వాలు 20కి 1. నమూనాలో ఆరు మిల్లీమీటర్ల వెడల్పు మీద 0.3 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. గరుకు కాగితం నాలుగుసార్లు తిప్పితే చాలు. రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగిసి ఉంటాయి కాబట్టి రెండూ ఒకే వేగంతో తిరగాలి. మలుపులో మాత్రం బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి. ఇరుసు కాస్త బయటికి జరగగానే బయటి చక్రం తన లావు భాగం మీద, లోపలి చక్రం తన సన్న భాగం మీద దొర్లుతాయి. ఒకే చుట్టులో బయటిది ఎక్కువ దూరం వెళుతుంది. తిన్నని దారిలో ఇరుసు పక్కకు జరిగినా ఇదే లెక్క దాన్ని మధ్యకు నెడుతుంది. ఒక జత చక్రాలను ఇరుసుకు బిగించి రెండు బద్దల మీద వంకరగా వదిలి చూడండి, అదే సర్దుకుంటుంది. వాలును తిరగేసి చేస్తే నాలుగు అంగుళాలు పోకముందే పడిపోతుంది.

పావు చుట్టు రహస్యం

చెక్క ఇంజన్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. నడిమి ఆరు చక్రాల్లో ప్రతిదానికీ కేంద్రం నుంచి 17.8 మిల్లీమీటర్ల దూరంలో ఒక క్రాంకు పిన్ను ఉంటుంది. ఒక పక్కనున్న మూడు పిన్నులనూ సైడ్ రాడ్ కలుపుతుంది. ఇన్ని చక్రాలను కలపడం దేనికి?

పట్టు కోసం. డబ్ల్యూపీ ఒక్కో ఇరుసు మీద పడే బరువు 18.5 టన్నులు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం జారకుండా లాగగలిగేది, మామూలు పరిస్థితుల్లో, తన మీదున్న బరువులో నాలుగో వంతు. ఒక్క ఇరుసే లాగితే నాలుగున్నర టన్నుల బలానికే చక్రం జారిపోతుంది. ఈ ఇంజన్ లాగుడు బలం దాదాపు 13.9 టన్నులు. మూడు ఇరుసుల మీద మొత్తం 55.5 టన్నులు, అందులో నాలుగో వంతు సరిగ్గా 13.9. ఇంజన్‌కు ఆరు చక్రాలు కలపాలా, ఎనిమిదా అన్నది ఇలాంటి భాగహారంతో తేలుతుంది.

ఇప్పుడు పిన్నుల సంగతి. సైకిల్ పెడళ్లు ఒకటి పైనుంటే మరొకటి కిందుంటుంది, సగం చుట్టు ఎడం. రైలింజన్‌లో మాత్రం ఎడమ, కుడి పిన్నుల మధ్య ఎడం పావు చుట్టే, అంటే 90 డిగ్రీలు. సైకిల్లా అమర్చితే ఏమవుతుంది? ఒక పక్క పిన్ను ఇరుసుతో సరళరేఖలోకి వచ్చినప్పుడు రెండో పక్కా అదే గీత మీదుంటుంది. దాన్ని డెడ్ సెంటర్ అంటారు. అక్కడ పిస్టన్ ఎంత తోసినా ఆ తోపు ఇరుసును నొక్కుతుందే తప్ప తిప్పదు. సైకిల్ తొక్కేవాడికి ఊపు సాయపడుతుంది. ఆగి ఉన్న రైలుకు ఊపు లేదు. పావు చుట్టు ఎడముంటే ఒక పక్క డెడ్ సెంటర్లో ఉన్నప్పుడు రెండో పక్క పిన్ను నిట్టనిలువుగా, పూర్తి బలంతో తిప్పగల చోట ఉంటుంది. ఇంజన్ ఎక్కడ ఆగినా మళ్లీ కదలగలదు.

ఆవిరే లేని చెక్క నమూనాకు ఇదెందుకని తీసేయకండి. సైడ్ రాడ్ కూడా డెడ్ సెంటర్లో తికమకపడుతుంది. రాడ్, మూడు పిన్నులు, మూడు ఇరుసులు ఒకే గీత మీదకు వచ్చిన ఆ క్షణంలో ముందు చక్రం ముందుకు తిరుగుతుంటే వెనక చక్రం వెనక్కి తిరగడానికైనా రాడ్ ఒప్పుకుంటుంది. అక్కడే ఇంజన్ బిగుసుకుపోతుంది. రెండో పక్క రాడ్ ఆ సమయంలో నిలువు పిన్నుల మీద ఉండి చక్రాలను సరైన వైపుకు మళ్లిస్తుంది.

మరి సరిగ్గా 90 డిగ్రీలు కొలవడం ఇంట్లో ఎలా? ఇంకో గమ్మత్తు ఇక్కడుంది: 90 కానక్కరలేదు. 88 అయినా ఇంజన్ నడుస్తుంది. కాని మూడు ఇరుసుల మీదా అదే 88 ఉండాలి. ఒకటి 88, ఒకటి 91 అయితే బిగుస్తుంది. కాబట్టి కావలసింది కోణమానిని కాదు, ఒక అచ్చు. ఇరుసు కూర్చునే గాడి ఉన్న చెక్క దిమ్మ తీసుకుని, ఒక పక్క పిన్ను ఆనడానికి ఒక మేకు, రెండో పక్క పిన్ను ఆనడానికి ఇంకో మేకు దిగ్గొట్టండి. జిగురు ఆరేదాకా మూడు జతలనూ ఒకదాని తరవాత ఒకటి అదే అచ్చులో ఉంచండి. చిల్లులకూ ఇదే నీతి. చట్రం పలకలు రెండూ, సైడ్ రాడ్లు రెండూ దొంతరగా పేర్చి బిగించి ఒకేసారి చిల్లులు పొడిస్తే, టేపుతో కొలిచిన దూరంలో తప్పున్నా అన్నిటిలో ఒకే తప్పుంటుంది, చక్రాలు హాయిగా తిరుగుతాయి. చివరికి మూడు మిల్లీమీటర్ల పిన్నుకు రాడ్ చిల్లు 3.2 ఉంచితే చాలు.

గుండ్రం నుంచి తిన్నగా

సిలిండర్ లోపల పిస్టన్ తిన్నగా నడుస్తుంది. చక్రం గుండ్రంగా తిరుగుతుంది. ఈ రెంటినీ కలిపేది కనెక్టింగ్ రాడ్. పిస్టన్ కడ్డీ చివర క్రాస్‌హెడ్ అనే దిమ్మ, పైనా కిందా జారుడు బద్దల మధ్య కదులుతుంది. కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా తోసినప్పుడు వచ్చే పక్క ఒత్తిడిని ఈ బద్దలే తీసుకుంటాయి; లేకపోతే పిస్టన్ కడ్డీ వంగిపోతుంది. నమూనాలో బద్దలకు గట్టి చేవ టేకు వాడి, రాసుకునే చోట కొవ్వొత్తి మైనం రుద్దితే సరిపోతుంది.

ఎంత బలం ఇక్కడ ప్రవహిస్తుందో ఊహించండి. డబ్ల్యూపీ సిలిండర్ అడ్డకొలత 514 మిల్లీమీటర్లు, బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు. పిస్టన్ ముఖం మీద పూర్తి ఒత్తిడి పడితే ఆ తోపు దాదాపు 30 టన్నులు. బండి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే చక్రం సెకనుకు అయిదు చుట్లకు పైగా తిరుగుతుంది. అంటే ఆ పిస్టన్ సెకనులో అయిదుసార్లు ముందుకు, అయిదుసార్లు వెనక్కి.

ఇంజన్‌ను దిమ్మల మీద ఎత్తిపెట్టి చిన్న ప్రయోగం చేయండి. సైడ్ రాడ్ మధ్యలో చిల్లు పొడిచి పెన్సిల్ ముల్లు దూర్చి, పక్కన కాగితం పట్టి చక్రం తిప్పండి. క్రాంకు కొలతతో కచ్చితమైన గుండ్రం వస్తుంది. సైడ్ రాడ్ ఎప్పుడూ తన వాలు మార్చుకోదు. అడ్డంగానే ఉండి మొత్తంగా గుండ్రంగా కదులుతుంది. అదే పని కనెక్టింగ్ రాడ్ మధ్యలో చేస్తే కోడిగుడ్డు ఆకారం వస్తుంది. ఇంకో చిన్న సంగతి కూడా కనబడుతుంది: పిన్ను సరిగ్గా నిట్టనిలువుగా ఉన్నప్పుడు పిస్టన్ సిలిండర్ మధ్యలో ఉండదు. కనెక్టింగ్ రాడ్ పొడవు క్రాంకుకు ఆరు రెట్లుంటే నమూనాలో ఒకటిన్నర మిల్లీమీటర్లు వెనక, చక్రాల వైపు ఉంటుంది. అసలు ఇంజన్‌లో ఇది మూడు సెంటీమీటర్లు. ఈ తేడా ఆవిరి వేళల్ని కూడా కదిలిస్తుంది. ఆ వేళల్ని సర్దే లీవర్ల దగ్గరకు ఇప్పుడు వెళదాం.

బెల్జియం మెకానిక్ లెక్క

సిలిండర్ పైన ఇంకో చిన్న సిలిండర్ ఉంటుంది. అందులో వాల్వు ముందుకూ వెనక్కూ జరిగి, ఆవిరిని ఒకసారి పిస్టన్ ముందుకు, ఒకసారి వెనక్కు పంపుతుంది. పని అయిపోయిన ఆవిరిని బయటికి వదులుతుంది. వాల్వు ఎప్పుడు జరగాలి, ఎంత జరగాలి అన్నది చెప్పే ఏర్పాటును బెల్జియం మెకానిక్ ఎగిడ్ వాల్‌షార్ట్ 1844లో పేటెంటు చేయించాడు. వంద ఏళ్ల తరవాత వచ్చిన డబ్ల్యూపీ కూడా అదే వాడింది. చక్రాల బయట కనబడే ఆ సన్న కడ్డీల గుంపు అదే.

దాని ఉపాయం రెండు కదలికలను కలపడం. మొదటిది చక్రం నుంచి వస్తుంది. నడిమి చక్రం క్రాంకు పిన్ను చివర రిటర్న్ క్రాంకు అనే చిన్న చెయ్యి వెనక్కి తిరిగి ఉంటుంది. దాని కొస ఇరుసు చుట్టూ చిన్న గుండ్రం గీస్తుంది, అసలు పిన్నుకు సుమారు పావు చుట్టు ఎడంతో. అక్కడి నుంచి ఒక కడ్డీ వచ్చి, మధ్యలో ఇరుసు మీద ఊగే వంపు తిరిగిన గాడి పలకను ఊపుతుంది. దీన్ని ఎక్స్‌పాన్షన్ లింకు అంటారు. ఆ గాడిలో జారే చిన్న దిమ్మకు రేడియస్ రాడ్ తగిలించి ఉంటుంది. డ్రైవర్ చేతిలోని రివర్సు లీవరు ఈ దిమ్మను పైకీ కిందికీ జరుపుతుంది. ఊగే పలకకు ఒక సగం ముందుకు వెళ్తుంటే రెండో సగం వెనక్కి వస్తుంది. కాబట్టి దిమ్మ ఒక సగంలో ఉంటే బండి ముందుకు, రెండో సగంలో ఉంటే వెనక్కి. కొస నుంచి మధ్యకు తెచ్చేకొద్దీ వాల్వు తక్కువ దూరం జరుగుతుంది. ఆవిరి తక్కువసేపు లోపలికి వెళుతుంది. వెళ్లినంత ఆవిరి సిలిండర్లో వ్యాకోచిస్తూ మిగతా దూరం పిస్టన్‌ను తోస్తుంది. బయల్దేరేటప్పుడు లీవరు కొసకు, వేగం అందుకున్నాక మధ్యకు దగ్గరగా. మంచి డ్రైవర్ బొగ్గు ఆదా చేసేది ఇక్కడే.

రెండో కదలిక క్రాస్‌హెడ్ నుంచి వస్తుంది. కాంబినేషన్ లీవరు అనే నిలువు చెయ్యి కింది కొస క్రాస్‌హెడ్‌కు, పైభాగం రేడియస్ రాడ్‌కూ వాల్వు కడ్డీకీ తగిలి ఉంటాయి. పైన ఆ రెండు కీళ్ల మధ్య దూరం బాగా తక్కువ కాబట్టి, కింద 35 మిల్లీమీటర్ల కదలిక పైన కొద్ది మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ఆ కొద్ది మిల్లీమీటర్ల వల్లే పిస్టన్ కొసకు చేరేలోపే ద్వారం రవ్వంత తెరుచుకుని, తిరుగు ప్రయాణానికి ఆవిరి సిద్ధంగా ఉంటుంది.

వీటిని నేరుగా చెక్కలో కోయకండి. ముందు దళసరి అట్టలో రెండింతల కొలతతో కోసి, గుండుసూదులతో బల్లకు గుచ్చి తిప్పి చూడండి. ఒక పరీక్ష తప్పకుండా చేయాలి: పిస్టన్‌ను డెడ్ సెంటర్లో ఉంచి, గాడిలోని దిమ్మను పై నుంచి కిందికి జరపండి. వాల్వు కదలకూడదు. కదిలితే గాడి వంపు తప్పు. ఆ వంపు రేడియస్ రాడ్ పొడవే వ్యాసార్థంగా గీసిన చాపం కావాలి. అట్టలో సరిపోయాక రెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లోకో, ఇత్తడి రేకులోకో మార్చండి. పిన్నులకు సైకిల్ చువ్వ ముక్కలు చక్కగా సరిపోతాయి; అవీ రెండు మిల్లీమీటర్లే.

పొట్ట, ముక్కు

బాయిలర్ చూడడానికి తేలికైన పని. మొద్దును తరిమెన పట్టి గుండ్రంగా తీస్తే సరిపోతుందనిపిస్తుంది. కాని వలయాల వెంబడి కుదింపు, కేంద్రం వైపు కుదింపుకు రెట్టింపు కాబట్టి నిండు మొద్దు ఆరేకొద్దీ బయటి నుంచి నడుముకు ఒక బీట పడుతుంది. బల్ల కాళ్లలాంటి సన్నని వాటిలో కనబడని ఈ గుణం లావైన బాయిలర్లో తప్పక కనబడుతుంది. గుండ్రని ప్లైవుడ్ బిళ్లలు వరసగా నిలబెట్టి, వాటి చుట్టూ సన్నని బద్దలు పక్కపక్కన అంటించడం మంచి మార్గం. లోపల గుల్ల, బయట నార అంతా పొడవునా. నిండు మొద్దే కావాలంటే నడిమి మెత్తని భాగం లేని, బాగా ఆరిన ముక్క చూసుకోవాలి.

ముక్కుకు మాత్రం తరిమెన తప్పదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మల కళాకారులు దీనికి తగిన చెక్క ఎప్పుడో ఎంచారు: అంకుడు. మెత్తగా, సన్నని నారతో, ఉలికి లొంగుతుంది. వాళ్లు తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. బుల్లెట్ ముక్కుకు ఇంతకన్నా మంచి పూత దొరకదు.

బాయిలర్ కదలని భాగమైనా అందులోనూ ఒక గొప్ప ఉపాయం ఉంది, పొగగొట్టం కింద. సిలిండర్ నుంచి బయటపడే ఆవిరిని సన్నని గొట్టం గుండా పొగగొట్టంలోకి ఊదుతారు. ఆ ఊపుకు ముందుభాగంలో ఒత్తిడి తగ్గి, అది నిప్పులోంచి గాలిని లాగుతుంది. ఇంజన్ ఎంత కష్టపడితే అంత ఆవిరి ఊదుతుంది, నిప్పు అంత రాజుకుంటుంది. మనం వినే చుక్ చుక్ అదే. రెండు సిలిండర్లు, ఒక్కోదానికి రెండు కొసలు. చక్రం చుట్టుకు నాలుగు చుక్‌లు. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు నాలుగు చొప్పున విడివిడిగా లెక్కపెట్టవచ్చు. 100లో ఇరవై దాటి ఒకే హోరవుతుంది.

చివరి పరీక్ష

పూర్తయిన నమూనాను అందరూ పట్టాల మీద పెట్టి తోస్తారు. అలా తోసినప్పుడు చక్రాలు పిస్టన్లను నడుపుతాయి. అసలు ఇంజన్‌లో పిస్టన్లు చక్రాలను నడుపుతాయి. నమూనా నిజంగా నిజమైనదో కాదో తెలియాలంటే ఆ దారిలోనే పరీక్షించాలి. దీని కోసం సిలిండర్ బయటి గోడలో కిటికీ కోసి, పిస్టన్, వాల్వు కనబడేలా ఉంచుకోండి.

ఇంజన్‌ను దిమ్మల మీద ఎత్తి, రెండు క్రాస్‌హెడ్లనూ రెండు చేతుల వేళ్లతో పట్టుకోండి. ఇప్పుడు ఆవిరి మీరే. ఎటు తోయాలో మీ ఇష్టం కాదు, వాల్వు చెబుతుంది. ఈ ఇంజన్‌లో ఆవిరి వాల్వు నడుమ నుంచి వస్తుంది. కాబట్టి వాల్వు ముందుకు జరిగి ఉంటే ఆవిరి సిలిండర్ ముందు కొసకు చేరి పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. వాల్వు వెనక ఉంటే ముందుకు. ఆ సూచన ప్రకారం రెండు పక్కలా తోస్తూ పోండి. ఒక చెయ్యి డెడ్ సెంటర్లో నిస్సహాయంగా ఉన్నప్పుడు రెండో చెయ్యి చక్రాన్ని దాటించడం వేళ్లకు తెలుస్తుంది. చక్రాలు ఆగకుండా ముందుకు తిరిగితే రివర్సు లీవరు రెండో వైపుకు మార్చండి. ఇప్పుడు అవే వాల్వులు తలకిందులు మాట చెబుతాయి. అవి చెప్పినట్టే తోస్తే చక్రాలు వెనక్కి తిరగాలి.

రెండు వైపులా తిరిగితే ఆ చెక్కలోని గణితం డబ్ల్యూపీ గణితమే. ఒక వైపుకే తిరిగినా, లీవరు ముందుకంటే చక్రం వెనక్కన్నా దిగులుపడకండి. రెండు పక్కలా రిటర్న్ క్రాంకు ఏ వైపు తిరిగి ఉందో చూడండి. పావు చుట్టు ముందుండాల్సింది వెనకో, వెనకుండాల్సింది ముందో ఉండి ఉంటుంది. పిన్ను ఊడదీసి తిప్పి బిగించి, మళ్లీ వేళ్లు ఆనించండి.